పాదచారుల కదలికను కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేషన్ మోడల్‌తోనే కార్లనూ నడిపించవచ్చా?

నేరుగా కుదరదు, లండన్ ఎగ్జిబిషన్ రోడ్‌లా ఫుట్‌పాత్ గట్టు లేకుండా మనుషులూ కార్లూ కలిసి తిరిగే వీధిలో కారుకు వేరే నియమాలు రాయాలి.

పాదచారులకు ఎక్కువగా వాడేది 1995లో పరిశోధకులు హెల్బింగ్, మోల్నార్ ప్రతిపాదించిన సోషల్ ఫోర్స్ మోడల్. గమ్యం మనిషిని ముందుకు లాగుతుంది, ఎదుటివాళ్లూ గోడలూ పక్కకు నెడతాయి. మనిషి ఉన్నచోటే పక్కకు జరగగలడు, కారు జరగలేదు. స్టీరింగ్ కోణానికి, బ్రేకుకు హద్దు పెట్టకపోతే తెరమీద కారు పీతలా అడ్డంగా జారుతుంది.

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కారు 12 మీటర్ల దూరంలో ఉండగా ఒకరు 4 మీటర్ల దారి దాటబోయారనుకోండి. సెకనుకు 1.34 మీటర్ల నడకతో వాళ్లకు 3 సెకన్లు పడుతుంది, కారు రెండు సెకన్లు దాటగానే వచ్చేస్తుంది. ఈ లాగే, నెట్టే బలాలు మాత్రమే ఉంటే ఇద్దరూ తగ్గి, ఇద్దరూ ఎదురెదురుగా ఆగిపోవచ్చు. ఎవరు ముందు వెళ్లాలో తేల్చే నిర్ణయం ఆ బలాలకు పైన ఇంకో అంచెగా ఉండాలి. దానికి గేమ్ థియరీ, అంటే ఎదుటివాళ్లు ఏం చేస్తారో లెక్కవేసి ఎవరి ఎత్తు వాళ్లు ఎంచుకోవడాన్ని వివరించే గణితం, బాగా పనికొస్తుంది.

కారు వికర్షణ బలం, అంటే జనాన్ని దూరంగా నెట్టే బలం, పెంచితే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గుద్దుకోవడం తగ్గుతుంది నిజమే, కానీ జనం మరీ దూరం నుంచే చెదిరిపోతారు. అసలు వీధి వీడియో పక్కన పెట్టి చూడగానే ఆ తేడా దొరికిపోతుంది.