సింక్ కింద తలుపు తెరిచి చూడు

చి. ల. సౌ. లావణ్యకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటే బుర్రలో తిరుగుతోంది. "ఫ్లాట్‌కే పీకల్దాకా లోనుంది, మళ్లీ ఇంటీరియర్ డిజైనర్‌కి ఫీజెందుకు పెద్దమ్మా? ఆయన ఫ్రెండ్‌కి తెలిసిన కార్పెంటర్ ఉన్నాడు, ఇన్‌స్టాలో ఫొటో చూపిస్తే దించేస్తాడు" అన్నావు. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, ఏమీ అనలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

1998లో విశాఖలో మా మొదటి ఇల్లు అచ్చం అలాగే చేయించాం. కార్పెంటర్ మంచి పనిమంతుడు. ఆయన చేసిన సొరుగులు చివరిదాకా ఎక్కడా పట్టేయలేదు. ఏ గోడకి ఏది పెట్టాలో ఆలోచించేవాళ్లే లేకపోయారు. పడగ్గదిలో ఖాళీ ఉంది కదా అని బట్టల అల్మారాని స్నానాలగది గోడకి ఆనించి చేయించాం. రెండు వానాకాలాలు గడిచేసరికి వెనక ప్లై ఉబ్బిపోయింది. అడుగు అరలో పెట్టిన నా పెళ్లి పట్టుచీర బూజు మచ్చలతో బయటికొచ్చింది. చెయ్యమన్నది ఆయన చేశాడు, చెయ్యమన్నది మేమే. ఇక వంటగట్టు సంగతి. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మేస్త్రీ అందరికీ కట్టే ఎత్తులోనే కట్టి వెళ్లాడు. ఇరవై ఏళ్లు భుజాలు పైకెత్తుకుని కూర కలిపాను. భుజం నొప్పికి డాక్టరు గారు వయసు అని పేరు పెట్టారు గానీ, నా అనుమానం మాత్రం ఆ గట్టు మీదే.

రిటైరయ్యాక ఇప్పుడున్న ఫ్లాట్ కొన్నప్పుడు మీ అన్నయ్య పోరు పడలేక ఒక డిజైనర్ని పిలిచాం. ఇంటీరియర్ డిజైన్‌లో డిగ్రీ చేసిన అమ్మాయి. వస్తూనే రంగుల పుస్తకం తీస్తుందనుకున్నాను. కొత్త ఫ్లాట్‌కి వెళ్లడానికి ముందు మా పాత వంటింట్లో ఒక పూట కూర్చుంది! నేను వంట చేస్తుంటే చూసింది. డబ్బాలు లెక్కపెట్టింది. గ్రైండర్ ఎక్కడ పెడతారు, రోజూ తీస్తారా, పండగలకేనా అని అడిగింది. ఊరగాయ జాడీల ఎత్తు టేపు పెట్టి కొలిచింది. నా మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, దానికి నాలుగంగుళాలు కిందికి గట్టు ఉండాలని రాసుకుంది. సంక్రాంతికి ఎంతమంది పడుకుంటారు, రాత్రిపూట లేచేదెవరు అని కూడా అడిగింది. లేచేది మీ పెదనాన్న, మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా నేలకి దగ్గరగా చిన్న లైట్లు, లోపల పట్టుకోడానికి స్టీలు కడ్డీ అప్పుడే ప్లాన్‌లో పడ్డాయి. ఆ ఫీజు ఇచ్చింది అందానికి కాదమ్మా, ఆ ప్రశ్నలకి. నువ్వు చూపించే ఫొటోలో ఉండేది ఎవరిదో వంటిల్లు, ఎవరిదో ఎత్తు.

ఆ తర్వాత ఆమె ఇచ్చిన డ్రాయింగులు చూశాక మీ పెదనాన్నకి కూడా గురి కుదిరింది. కంప్యూటర్లో చూపించే రంగుల బొమ్మ వేరు, పనివాళ్లు కొలత చూసి కోసే డ్రాయింగ్ వేరు. రెండోది చేతిలో లేకుండా పని మొదలుపెట్టొద్దు. కరెంటు పాయింట్ల డ్రాయింగ్ మరీ ముఖ్యం. మంచం తలాపు ఎక్కడ పడుతుందో ముందే తేలితే స్విచ్‌బోర్డు దాని వెనక నక్కి కూర్చోదు. ఫ్రిజ్ తలుపు గోడకి తగిలి సగమే తెరుచుకోవడం కూడా కాగితం మీదే కనపడుతుంది. కాగితం మీద ఉన్నప్పుడు మార్చడానికి రబ్బరు చాలు.

మీది మైవాన్ కట్టడం అన్నావు కదా, నీకు తొందర ఇంకా ఎక్కువ. ఆ గోడలు ఇటుకవి కావు, లోపల ఇనుము పెట్టి పోసిన కాంక్రీటు. భవనం బరువు మోసేవి అవే. తర్వాత పాయింటు కావాలని గాడి కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. తాళాలు చేతికొచ్చాక కాదు, ఇప్పుడే డిజైనర్ని వెతుక్కో. ఏ పాయింట్లు మార్చొచ్చో బిల్డర్ ఇంజినీర్‌తో ఆమే మాట్లాడుతుంది. గోడ జోలికి పోకుండా చెక్క ప్యానెల్ వెనక నుంచో, ఫాల్స్ సీలింగ్ లోంచో వైరు తెచ్చే దారి వాళ్లకి తెలుస్తుంది.

డబ్బు సంగతి. మాకు అప్పట్లో రెండు కొటేషన్లు వచ్చాయి. రెండింటికీ లక్షకి పైగా తేడా. మీ పెదనాన్న తక్కువదానికి సరే అనేశారు. డిజైనర్ చదివి, తక్కువ దాంట్లో ఒట్టి "ప్లై" అని మాత్రమే రాశారని చూపించింది. వంటింటికి ఐఎస్ 710 ముద్ర (ఐఎస్ అంటే భారత ప్రమాణం) ఉన్న, నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై, పడగ్గదులకి మామూలు వాడకానికి సరిపోయే ఐఎస్ 303 ప్లై, మందం ఇంత, హింజెస్ ఫలానా రకం అని తనే ఒక పట్టిక రాసి ఇద్దరికీ పంపింది. 710 ముక్కని పరీక్షలో 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదట. ఆ పట్టిక మీద రేట్లు మళ్లీ వేయిస్తే తేడా ఏడెనిమిది వేలకి దిగింది. అల్మారాకి చదరపు అడుగు రేటు చెప్పినప్పుడు ఎదురు కొలతా, లోపలి అరలు కూడా లెక్కా అని అడగాలని నేను నేర్చుకున్నదీ అప్పుడే. పైగా నేను కావాలన్న రెండు అల్మారాలు ఆమే కొట్టేయించింది. "వీటిలో పెట్టడానికి మీ దగ్గర సామాను లేదండీ" అంది. కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, నిజమే.

అలాగని వాళ్లు చెప్పిందల్లా వేదం కాదు. గోడ లేని ఓపెన్ కిచెన్ పెడదామంది. మన తిరగమోత ఘాటుకి హాల్లో సోఫాలు కూడా దగ్గుతాయి, వద్దన్నాను. రెండ్రోజులు వాదించుకుని చివరికి జరిగే గాజు తలుపు దగ్గర రాజీపడ్డాం. ఇల్లంతా ఫాల్స్ సీలింగ్ కూడా నేనే వద్దన్నాను. నీ ఇంట్లో ఉండేది నువ్వు, మొహమాటపడకు.

ఇక ఎవర్ని పెట్టుకోవాలి? ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరై ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకి అలాంటి కట్టుబాటు లేదు. నిన్నటిదాకా కర్టెన్లు అమ్మినాయన కూడా ఇవాళ బోర్డు పెట్టొచ్చు. అందుకే ఏం చదివారో అడుగు, అడగడంలో తప్పు లేదు. ఐఐఐడీ అని ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ ఉంది, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, అందులో సభ్యత్వం ఉందేమో కనుక్కో. అన్నిటికంటే, వాళ్లు మూడు నాలుగేళ్ల కిందట చేసిన ఇంటికి తీసుకెళ్లమను. కొత్త ఇల్లు ఎవరు చేసినా మెరుస్తుంది. నువ్వు హాల్లో నిలబడి మెచ్చుకుంటూ ఉండిపోక, వంటింట్లోకి వెళ్లి సింక్ కింద తలుపు తెరిచి చూడు. అడుగు చెక్క ఉబ్బిందా, వాసన వస్తోందా, తలుపు వాలిందా, అంతా అక్కడే తెలిసిపోతుంది. ఇంటావిడని పక్కకి పిలిచి, ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తుతారా అని అడుగు.

"డిజైన్ ఫ్రీ" అనేవాళ్ల దగ్గర జాగ్రత్త. ఆ ఖర్చు ప్లైలోనో, హింజెస్‌లోనో తిరిగొస్తుంది. డిజైన్ ఫీజు విడిగా ఇచ్చి, పనివాళ్లని విడిగా పెట్టుకుంటే, నాసిరకం సామాను దిగినప్పుడు వెనక్కి పంపమనడానికి ఆమెకి నోరుంటుంది. షాపుల నుంచి కమిషన్ తీసుకుంటారా అని మొదటి రోజే అడిగెయ్. ఎన్నిసార్లు సైటుకి వస్తారో, చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ వేరేగా ఉంటుందో లేదో కాగితం మీద రాయించు. డబ్బు పని జరిగేకొద్దీ విడతలవారీగా ఇవ్వండి, చివరి విడత మాత్రం తలుపులన్నీ నువ్వు తెరిచి మూసి చూసుకున్నాకే.

అద్దె ఇల్లయితే ఇదంతా అక్కర్లేదనే దాన్ని. ఒక గదికి రంగులూ కర్టెన్లే అయితే ఒక పూట సలహాకి డబ్బిచ్చి పంపెయ్యొచ్చు. మీరు ఇంటికంతటికీ చెక్కపని పెట్టుకున్నారు. ఆ తెలిసిన కార్పెంటర్‌నే పెట్టుకోండి, అడ్డేం లేదు, చేతిలో డ్రాయింగ్ ఉంటే ఆయన పనీ హాయిగా సాగుతుంది. అల్లుడితో కూడా ఈ మాట నెమ్మదిగా చెప్పు, డబ్బు లెక్క దగ్గర మొదలుపెట్టు, వింటాడు.

ఈ ఏడాది ఆవకాయ నీకూ కలిపే పెట్టాను. పెద్ద జాడీ మూతతో సహా 15 అంగుళాలుంది, నీ డిజైనర్‌తో చెప్పు.

పెద్దమ్మ