ఏనుగునిచ్చి అంకుశం దాచుకున్నారు

కొనుగోళ్లు, కాంట్రాక్టుల మీద పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ పర్చేజ్ మేనేజర్ జవాబులు

ప్రశ్న: మాది నల్లగండ్లలో 210 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. నేను అసోసియేషన్ సెక్రటరీని. మోటార్లు, ట్యాంకులు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), జనరేటర్ అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపించే సిస్టమ్ పెట్టి బిల్డర్ రెండేళ్ల క్రితం మాకు అప్పగించారు. నాలుగు నెలలుగా ఆ స్క్రీన్ మీద ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడు చూసినా 62 శాతమే! ఇళ్లలోనేమో నీళ్లు రావట్లేదని గొడవ. సెట్టింగులు మారుద్దామంటే పాస్‌వర్డ్ సిస్టమ్ బిగించిన కంపెనీ దగ్గరే ఉంది. ఏఎంసీకి, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి, 2.6 లక్షలు, 4.1 లక్షలు, 4.8 లక్షలు అని మూడు కొటేషన్లు వచ్చాయి. తక్కువవాళ్లకి ఇచ్చేద్దామంటోంది కమిటీ. పర్చేజ్ అంటే బేరమాడటమే కదండీ, మెయింటెనెన్స్ బాగుపడటానికి అదేం చేస్తుంది?
– ఒక సెక్రటరీ, హైదరాబాద్

జవాబు: సెక్రటరీ గారూ, ముందు ఆ 62 శాతం సంగతి చూద్దాం. ప్యానెల్ గదిలో గేట్‌వే అనే చిన్న డబ్బా ఉంటుంది. సెన్సర్ల లెక్కలు దాని గుండానే బయటికి వెళ్తాయి. అందులో సిమ్ కార్డు ఉంటే అది ఎవరి పేరు మీద ఉందో, రీఛార్జ్ ఎప్పుడు అయిపోయిందో కనుక్కోండి. సిమ్ ఆగిపోతే కొన్ని సిస్టమ్‌లు ఆ సంగతి చెప్పవు, చివరిసారి వచ్చిన అంకెనే పట్టుకుని కూర్చుంటాయి. నేను చూసిన ఒకచోట ఆ సిమ్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన టెక్నీషియన్ పేరు మీద ఉంది! సిమ్ బాగానే ఉంటే సెన్సర్ చూడండి. ట్యాంకు మూత కింద బిగించే అల్ట్రాసోనిక్ రకమైతే దాని మొహం మీద ఆవిరి చుక్కలు పట్టినా లెక్క తప్పుతుంది.

సిమ్ రీఛార్జ్ ఎవరి పనో వర్క్ ఆర్డర్‌లో రాసి ఉండదు. రాయలేదు కాబట్టి ఎవరూ చెయ్యరు. మీరడిగిన దానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం నేను చేసిన తప్పు నుంచి చెబుతాను. మాదాపూర్‌లో ఒక ఐటీ క్యాంపస్‌కి కొనుగోళ్లు చూసే రోజుల్లో మీ దాని లాంటి బిల్డింగ్ సిస్టమ్ ఒకరి దగ్గర, ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్లు ఇంకొకరి దగ్గర తీసుకున్నాం. రెండూ ఎల్-వన్‌కే, అంటే అందరికంటే తక్కువ కోట్ చేసినవాళ్లకే. పైనుంచి శభాష్ అనిపించుకున్నాను కూడా. బిగించాక తెలిసింది, చిల్లర్ మాట్లాడే భాష సిస్టమ్‌కి రాదని. అలాంటి అవసరానికే బ్యాక్‌నెట్ అనే ఉమ్మడి ప్రోటోకాల్‌ను, అంటే యంత్రాలు మాట్లాడుకునే భాషను, ఆష్రే అనే అమెరికా ఇంజనీర్ల సంస్థ 1995లోనే ప్రమాణంగా తెచ్చింది. మాడ్‌బస్ అనే ఇంకో ప్రోటోకాల్ అయితే 1979 నుంచీ ఉంది. వీటిలో ఒకటి తప్పనిసరి అన్న ఒక్క వాక్యం నా పర్చేజ్ ఆర్డర్‌లో లేదు. రెండింటినీ కలపడానికి చిల్లర్ కంపెనీ అడిగిన డబ్బుకి నేను బేరమాడి మిగిల్చిందంతా హరించుకుపోయింది. ఆ డబ్బు శాంక్షనయ్యేదాకా ఏడు నెలల పాటు, లక్షలు పోసి కొన్న స్క్రీన్ పక్కనే కూర్చుని ఒక కుర్రాడు గంటగంటకీ రీడింగులు పెన్నుతో లాగ్‌బుక్‌లో రాసేవాడు. అతను నమస్తే సార్ అంటే తలెత్తి చూడబుద్ధయ్యేది కాదు నాకు.

ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా అంటారు. మీ బిల్డర్ ఇవ్వలేదు. పత్రాలు, ప్లాన్లు అసోసియేషన్‌కి అప్పగించాల్సిన బాధ్యత రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం బిల్డర్‌దే. వాటితో పాటు అడ్మిన్ పాస్‌వర్డ్, వైరింగ్ డ్రాయింగులు, సెన్సర్ల జాబితా కావాలని ఉత్తరం రాయండి, ఫోన్‌లో అడగొద్దు. ఫ్లాటు స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు పనితనంలో, సేవల్లో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలని అదే చట్టం 14(3) చెబుతోంది. ఫ్లాట్లు మీ చేతికొచ్చి అయిదేళ్లు కాకపోతే మీకింకా గడువు ఉంది.

ఇక కొటేషన్లు. 2.6 లక్షల వాళ్ల కాగితం చివరి పేజీ చదవండి. చాలావరకు అది మనిషి వచ్చి చూసి వెళ్లే ఏఎంసీ అయి ఉంటుంది, స్పేర్లు మీ ఖర్చు. 4.8 లక్షలది కాంప్రహెన్సివ్, అంటే స్పేర్లు కూడా కలిపినది, కావచ్చు. అందులోనూ బ్యాటరీలు, కంట్రోలర్ బోర్డులు మినహాయించారేమో వెతకండి. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? రెండేళ్లలో స్పేర్లకి ఎంత పోశారో మీ ట్రెజరర్ గారి బిల్లుల ఫైలు తీసి ఒక్కొక్క కొటేషన్‌కి కలిపి చూడండి. పోలిక అప్పుడు తేలుతుంది. ప్రభుత్వమే ఎల్-వన్ పట్టు కాస్త సడలించింది. ప్రత్యేకంగా నిర్ణయించిన పనులకి, సేవలకి నాణ్యత మార్కులు 30 శాతం వరకు కలపొచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో చెప్పింది.

ఎవరికిచ్చినా ఆర్డర్‌లో ఇవి రాయించండి. పాస్‌వర్డ్, సిమ్, డేటా అసోసియేషన్ పేరు మీద ఉండాలి. అలారం మోగితే రాత్రయినా ఆదివారమైనా ఎన్ని గంటల్లో మనిషి రావాలి, రాకపోతే బిల్లులో ఎంత కోత? సీలు, బేరింగు, స్టార్టర్ లాంటి స్పేర్లకి ఏడాది పాటు మారని ధరల పట్టీ జత చెయ్యాలి. ఏడాది డబ్బు ఒకేసారి ఇవ్వకండి, మూడు నెలలకోసారి, అదీ అలారం జాబితా ముందు పెట్టుకుని. రెండో నంబరు మోటారు ఇన్నిసార్లు ట్రిప్ అయి ఆగిపోయిందని ఆ జాబితా చూపిస్తే, దానికి మరో రివైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా అన్న వాదన మీ కమిటీలో పది నిమిషాల్లో అయిపోతుంది. నా అనుభవంలో స్మార్ట్ సిస్టమ్‌కి డబ్బు గిట్టేది అక్కడే.

ప్రశ్న: మాస్టారూ, మాది విజయవాడలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. సంపు, ట్యాంకులకి సెన్సర్లు, యాప్ పెట్టిస్తామని ఒకాయన 85 వేలు అడుగుతున్నాడు. పెట్టించమంటారా?
– ఒక ట్రెజరర్, విజయవాడ

జవాబు: వద్దు బాబూ. నీటి మట్టాన్ని బట్టి మోటారుని ఆన్, ఆఫ్ చేసే ఫ్లోట్ స్విచ్‌లు రెండు, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారు కాలిపోకుండా ఆపేది) ఉన్న మంచి స్టార్టర్ పెట్టించుకోండి. ముందు మోటారుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించండి.