‘ఏదోలా ఉంది’ అన్న మాట దాటడం ఎలా?

ఎవరైనా ఏమైందని అడిగితే ‘ఏదోలా ఉంది’, ‘టెన్షన్‌గా ఉంది’ తప్ప ఇంకో మాట రావట్లేదు, మనసులో ఉన్న భావానికి సరైన పేరు పెట్టడం నేర్చుకుంటే వస్తుందా అని ఒకరు అడిగారు. వస్తుంది.

టెన్షన్ అనేది మనం అన్నీ కుక్కేసే గోనెసంచి. విప్పి చూస్తే రేపటి ఇంటర్వ్యూకి పడేది కంగారు, హాస్టల్లో చేరిన కొత్తలో ఇంటి మీద పెట్టుకునేది బెంగ, ఫోన్ ఎత్తని మనిషికి ఏమైందోనని కలిగేది గుబులు. కోపమూ అంతే. మనవాళ్లే పట్టించుకోకపోతే అలక, నలుగురిలో మాట పడితే రోషం, ఏమీ చేయలేక కళ్లలో నీళ్లు తిరిగితే ఉక్రోషం. అలకకి బుజ్జగింపు చాలు, ఉక్రోషానికి చాలదు, అందుకే ఈ తేడాలు తెలియాలి.

మాట దొరక్కపోతే ముందు ఒంటిని గమనించండి, గుండె దడా, కడుపులో తిప్పడమా, దవడ బిగుసుకోవడమా అని. తర్వాత అది మొదలయ్యే ముందు ఏం జరిగిందో, ఇప్పుడు పారిపోవాలనుందో అరవాలనుందో ఒక్క వాక్యం రాసుకోండి. రెండు మూడు భావాలు కలిసి కూడా ఉంటాయి. ‘వాడు నన్ను లెక్కచేయలేదు’ అనేది మాత్రం భావం కాదు, ఎదుటివాడి మీద తీర్పు (నేనూ చాన్నాళ్లు ఇక్కడే బోల్తాపడ్డాను).

2007లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకుడు మాథ్యూ లీబర్‌మన్ బృందం కొందరికి కోపం, భయం ఉన్న ముఖాల ఫొటోలు చూపించి ఆ భావానికి పేరు ఎంచమంటే, మెదడులో భయం లాంటి భావాలకి స్పందించే అమిగ్డాలా అనే భాగం స్పందన తగ్గడం కనిపించింది. అలాగని పేరు పెట్టగానే బాధ పోతుందనుకోకండి, కాస్త పట్టు దొరుకుతుందంతే.