పెట్టె మీద 5000 వాట్లు, ఆంప్లిఫయర్ మీద 50: ఏది కొనాలి?

5000 వాట్ల పీఎంపీవో హోమ్ థియేటర్ కొనాలా, మీ మిత్రుడు అమ్ముతానంటున్న 50 వాట్ల ఆర్ఎంఎస్ ఆంప్లిఫయర్ కొనాలా, దానికి 100 వాట్ల స్పీకర్లు తగిలించవచ్చా అని అడిగారు.

ఆ 5000ను మరిచిపోండి. పీఎంపీవో అంటే లిప్తపాటు రాగల గరిష్ఠ శక్తి అని అమ్మేవాళ్లు చెప్పుకునే అంకె; దాన్ని ఎలా కొలవాలో ఖాయమైన ప్రమాణం ఏదీ లేదు. అమ్మేవాడికి ఎంత తోస్తే అంత. మా పిన్ని కొడుకు పండగకు కొన్న సెట్టు పెట్టె మీద 1000 వాట్లని ఉంది. దాని అడాప్టర్ తిప్పి చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు! కెపాసిటర్లలో దాచుకున్న కరెంటుతో లిప్తపాటు కాస్త ఎక్కువ రావచ్చు గానీ, పాట మొత్తానికీ ఆ జోరు ఎక్కడిది? అప్పటి నుంచి ఏ సెట్టు చూసినా ముందు దాని వెనుక వైపు చదువుతున్నాను.

ఆర్ఎంఎస్ అంటే నిలకడగా ఇచ్చే శక్తి. అందులోనూ మెలికలున్నాయి. 8 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు చూపే నిరోధం) దగ్గర, రెండు ఛానళ్లూ పనిచేస్తుండగా, చెవికి వినిపించే 20 హెర్ట్‌జ్ నుంచి 20 కిలోహెర్ట్‌జ్ దాకా, 0.1 శాతం డిస్టార్షన్ (శబ్దం చెదరడం)తో 50 వాట్లంటే గట్టి మాట. ఒకే ఛానల్, 1 కిలోహెర్ట్‌జ్, 10 శాతం డిస్టార్షన్ అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే అదే 50 బాగా తేలిపోతుంది. అమెరికాలో ఈ అంకెల గారడీ ముదిరే 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయర్లకు నిబంధన తెచ్చింది.

అసలు చాలామంది చూడనిది స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందన్న లెక్క. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి కొంచెమే తేడా. 92 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లిస్తే వచ్చే శబ్దం 86 డెసిబెల్స్ స్పీకర్ నుంచి రావాలంటే 200 వాట్లు కావాలి. డబ్బు ఎక్కడ పెట్టాలో ఇక మీకే తెలుస్తుంది.

స్పీకర్ మీది 100 వాట్లు అది తట్టుకోగల హద్దు మాత్రమే, అంత ఇచ్చి తీరాలని కాదు. నిశ్చింతగా కలపండి. అయితే వాల్యూమ్ చివరిదాకా తిప్పి, పాట బొంగురుపోతున్నా అలాగే వదిలేస్తే ముందు కాలిపోయేది సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్, ట్వీటరే. స్పీకర్ 4 ఓమ్‌లదైతే మాత్రం, ఆంప్లిఫయర్ వెనుక టెర్మినళ్ల దగ్గర ఆ అంకె ఉందో లేదో చూశాకే బేరం కుదుర్చుకోండి.