బరిస్టా అయితే పరువు పోదు, పొలం అమ్మితే మాత్రం పొలం పోతుంది

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నెలలుగా సాయంత్రం పూట ఒక కెఫేలో పని చేస్తున్నాడు. ఎమ్మెస్సీ వద్దు, లక్షన్నర కట్టి బరిస్టా (కెఫేలో కాఫీ చేసే మనిషి) కోర్సు చేస్తానంటున్నాడు. కాఫీలు కలుపుకునే పనికి ఇంత చదువెందుకు? మొన్న నన్ను తీసుకెళితే ఒక్క కాపుచినోకి 231 రూపాయల బిల్లు వేశారు. ఈ మోజు ఎన్నాళ్ళుంటుంది? హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్పిస్తే నయమా? మా బావమరిది అర ఎకరం అమ్మి సొంతంగా కెఫే పెట్టిద్దామంటున్నాడు. - ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో "కాఫీలు కలుపుకునే పని" అన్న మాట వచ్చింది. జీతమెంత, షిఫ్టు ఎన్ని గంటలు, పీఎఫ్ కడుతున్నారా అన్న మాట ఒక్కసారీ రాలేదు. కొడుకు చెఫ్ అవుతానన్నా, ఫొటోగ్రాఫర్ అవుతానన్నా తండ్రులు రాసే ఉత్తరం ఇలాగే ఉంటుంది. రేపు పెళ్ళి సంబంధం వాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడు" అని అడిగితే ఏం చెప్పాలన్నదే అసలు దిగులు. ఆ దిగులు నాకు అర్థమవుతుంది. కానీ చుట్టాలకు చెప్పడానికి బాగుంటుందని ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడిని ఇష్టంలేని ఎమ్మెస్సీలోకి తోస్తే, రెండేళ్ళ తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ రాస్తారు. అప్పటికి వాడు మీతో మాట్లాడడం మానేసి ఉంటాడు.

ముందు ఆ 231 సంగతి చూద్దాం. మెనూ ధర 220, దాని మీద 5 శాతం జీఎస్టీ 11. కాఫీ మీద దోచుకుంటున్నారని మీకు అనిపించింది. లెక్క వేసి చూడండి. వేయించిన గింజలు కిలో 1,400 అనుకుందాం. కప్పుకు 18 గ్రాములు. పొద్దున గ్రైండర్ సరిచూసుకోవడంలో పారబోసేది తీసేస్తే కిలోకు 50 కప్పులు వస్తాయి, అంటే కప్పుకు 28 రూపాయలు. పాలు 180 మిల్లీలీటర్లు, 13 రూపాయలు. కప్పు, మూత, చక్కెర, టిష్యూ కలిపి 9. మొత్తం 50. మిగిలిన 170 లాభమని మీరనుకుంటారు. అద్దె లక్షన్నర, దాని మీద 18 శాతం జీఎస్టీ 27 వేలు, నలుగురి జీతాలు 90 వేలు, కరెంటు 30 వేలు, మెషీన్ కిస్తీ 40 వేలు అనుకోండి. నెలకు 3,37,000, రోజుకు 11 వేల పైచిలుకు. రోజూ 66 కప్పులు అమ్మితే ఖర్చులు గట్టెక్కుతాయి. యజమాని జేబులోకి రూపాయి వచ్చేది 67వ కప్పు నుంచి. పైగా 5 శాతం జీఎస్టీ వసూలు చేసే రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్ (తాను కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుబాటు చేసుకునే వీలు) ఉండదు కాబట్టి అద్దె మీద కట్టిన ఆ 27 వేలు తిరిగి రావు.

మీ ఊరి టిఫిన్ సెంటర్‌లో పాతిక రూపాయలకే ఫిల్టర్ కాఫీ ఎలా ఇస్తున్నారంటే, డికాక్షన్ ఒకేసారి దిగుతుంది, చికోరీ కలుస్తుంది, మనిషి నిలబడి ఐదు నిమిషాల్లో తాగి వెళ్ళిపోతాడు. కెఫేలో ఒకతను లాప్‌టాప్ తెరిచి ఒక్క కాపుచినోతో మూడు గంటలు కూర్చుంటాడు. ఆ ధరలో ఎక్కువ భాగం కుర్చీది, ఏసీది, వైఫైది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ గింజ పౌను 4 డాలర్లు దాటినప్పుడు కాఫీ ఇక తాగలేమన్నారు చాలామంది. గింజ కిలోకు 400 పెరిగినా కప్పుకు పెరిగేది ఏడెనిమిది రూపాయలే. అద్దె పెరిగితేనే షాపు మునిగేది. ఇంకో మాట, బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే కట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. తప్పనిసరి చేయకూడదని 2022లోనే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

ఇక "కలుపుకునే పని". పొద్దున షాపు తెరవగానే మీవాడు ముందు గ్రైండర్ సరిచేస్తాడు. 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల ఎస్ప్రెసో (చిక్కటి కాఫీ డికాక్షన్) 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. చాలా షాపులు ఈ కొలతతోనే మొదలుపెడతాయి. 18 సెకన్లకే దిగిపోయిందంటే పొడి బరకగా ఉంది, కాఫీ పుల్లగా పలచగా వస్తుంది. 40 సెకన్లు పట్టిందంటే మరీ మెత్తగా పడింది, చేదెక్కి నాలుక పిడచకట్టుకుపోతుంది. నిన్న సరిపోయిన సెట్టింగ్ ముసురు పట్టిన రోజు సరిపోదు. గింజ వేయించి మూడు రోజులే అయితే గ్యాస్ ఎక్కువగా ఉండి ఎస్ప్రెసో కుదురుగా రాదు, వారం పది రోజులు ఆగాలి. పొడి పోసే చిల్లుల గిన్నెలో (బాస్కెట్‌లో) అది ఒక పక్కకు ఒరిగితే 9 బార్ల ఒత్తిడితో వచ్చే నీళ్ళు వదులుగా ఉన్న చోట దారి చేసుకుని దూసుకుపోతాయి. అప్పుడు ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. దీన్నే చానెలింగ్ అంటారు. కొత్తవాళ్ళు దానికి విరుగుడుగా బలంకొద్దీ నొక్కుతారు. దాంతో మణికట్టు నొప్పి తప్ప ఏమీ మిగలదు. పొడిని సమంగా సర్ది, వాలకుండా నొక్కాలి.

పాల దగ్గర చెవి పని చేయాలి. స్టీమ్ గొట్టం కొన పాల మీద తగిలీ తగలనట్టు ఉంటే మొదటి మూడు నాలుగు సెకన్లు కాగితం చింపుతున్న చప్పుడు వస్తుంది. ఆ తర్వాత కొన కాస్త ముంచి పాలు సుడి తిరిగేలా పట్టుకోవాలి. 60 డిగ్రీల దగ్గర ఆపేయాలి. 70 దాటితే తీపి పోయి కాగిన వాసన మిగులుతుంది. జగ్గు పక్కన పెట్టగానే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. లేకపోతే పాలు లోపలికి లాక్కుని అక్కడే ఎండిపోతాయి. అక్కడ ఏం పెరుగుతుందో మైక్రోబయాలజీ చదివిన మీవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళు వాడితే బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది, మరీ శుద్ధి చేసిన ఆర్‌ఓ నీళ్ళయితే రుచి తేలదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) 150 దగ్గర ఉండేలా చూసుకుంటారు. ఇదంతా ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడి, వంద కప్పులకీ ఒకేలా చేయాలి. దీన్ని తేలిక పని అనడం భావ్యం కాదు.

అలాగని మీవాడి మాటలన్నిటికీ నేను తలూపను. హైదరాబాద్‌లో కొత్తగా చేరే బరిస్టాకి నెలకు సుమారు 15 నుంచి 20 వేలు వస్తాయి. హాస్టల్, బండి పెట్రోలు పోతే మిగిలేది తక్కువ. పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట, 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ ఉండాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అది కట్టని చోట ఆవిరికి చెయ్యి కాలినా ఆసుపత్రి ఖర్చు మీ మీద పడొచ్చు. రెండు మూడేళ్ళలో షిఫ్ట్ హెడ్, స్టోర్ మేనేజర్, ట్రైనర్, లేదా రోస్టర్ (గింజలు వేయించే మనిషి) దిశగా కదలకపోతే జీతం అక్కడే ఆగిపోతుంది.

ఇక మీ బావమరిది గారి ఆలోచన. దీని మీద మెత్తగా చెప్పలేను. అర ఎకరం అమ్మకండి. కాఫీ బాగా చేయడం ఒక విద్య, కెఫే నడపడం అద్దెతో చేసే జూదానికి దగ్గరి వ్యాపారం. మెషీన్‌ను సగం ధరకైనా అమ్ముకోవచ్చు. గోడలకు చేయించిన చెక్కపని, ఫాల్స్ సీలింగ్, ఫ్లోరింగ్ ఖాళీ చేసిన రోజు ఇంటి ఓనర్‌కే మిగిలిపోతాయి. అగ్రిమెంటులో లాక్-ఇన్ మూడేళ్ళుంటే మధ్యలో మూసేసినా అద్దె కట్టాల్సిందే. మొదటి ఆరు నెలలు స్నేహితులు, రీల్స్ చూసి వచ్చేవాళ్ళతో షాపు కళకళలాడుతుంది. ఏడో నెలలో పక్క వీధిలో ఇంకొకటి తెరుస్తారు. అప్పుడు రోజూ ఆ 66 కప్పులు తాగేది చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళే, అది కాఫీ రుచి కంటే ఆ వీధి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇరవై ఒక్కేళ్ళవాడి నెత్తిన కుటుంబం పొలం పెట్టి "నడుపు" అనడం ప్రేమ అనిపించుకోదు. వాడు అడగని భారం అది. మీ ఉత్తరంలో కెఫే పెట్టాలన్నది మీ బావమరిది మాట. వాడడిగింది నేర్చుకుంటానని.

హోటల్ మేనేజ్‌మెంటా, బరిస్టా కోర్సా? డిగ్రీ చేతికొస్తున్న వాడిని విద్యానగర్ ఐహెచ్ఎంలోనో గచ్చిబౌలి నిథమ్‌లోనో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకి పంపడంలో నాకు అర్థం కనిపించడం లేదు. వంటశాల, గదులు, ఫ్రంట్ ఆఫీసు అన్నీ నేర్పుతారు, కాఫీ అందులో చిన్న ముక్క. లక్షన్నర కోర్సు కూడా ఇప్పుడే వద్దు. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ బరిస్టా కోర్సుల్లో ఫౌండేషన్ ఒక్క రోజు, ఇంటర్మీడియట్ రెండు రోజుల పని. లక్షన్నరలో ఏమేం కలిపారో అడగండి. ఒక మెషీన్‌కి ఎంతమంది? తలకు ఎన్ని కిలోల కాఫీ, ఎన్ని లీటర్ల పాలు ఇస్తారు? జగ్గుకు 150 మిల్లీలీటర్ల చొప్పున పది లీటర్లకు 66 జగ్గులే వస్తాయి, చెయ్యి కుదరడానికి అది చాలదు. ఆ చెయ్యి మీవాడికి ఇప్పుడు పనిచేస్తున్న చోట జీతంతో పాటే కుదురుతోంది.

నేనైతే వాడి డిగ్రీకి తగ్గ దారి వేరే చూపిస్తాను. కాఫీ పండు తొక్క తీశాక గింజ చుట్టూ ఉండే జిగురు సూక్ష్మజీవుల వల్లే పులిసి ఊడుతుంది. ఎన్ని గంటలు పులియాలి, ఎక్కడ ఆపాలి అన్నదాన్ని బట్టి రుచి మారుతుంది. రుచి చూసి వేసే మార్కుల్లో నూటికి 80, ఆపైన వస్తే సాధారణంగా స్పెషాలిటీ, అంటే మేలు రకం కాఫీ అంటారు. ఆ మార్కులు వేసే కప్పింగ్ ఒక ఉద్యోగం. బెంగళూరులోని కాఫీ బోర్డు సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్ళకు కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌లో ఏడాది పీజీ డిప్లొమా నడుపుతోంది, అందులో కొంతకాలం చిక్కమగళూరు జిల్లా బాలెహొన్నూరు పరిశోధన కేంద్రంలో ఉండాలి. మన పక్కనే అరకు కాఫీ ఉంది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లూరి జిల్లా ఆర్.వి.నగర్‌లో ప్రాంతీయ కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. సిల్వర్ ఓక్ నీడలో గిరిజన రైతులు పండించే ఆ గింజకు నాణ్యత చూసే మనుషులు కావాలి. చేతిలో కెఫే కౌంటర్ అనుభవం, వెనక మైక్రోబయాలజీ, రెండూ ఉన్న కుర్రాళ్ళు ఎక్కువమంది దొరకరు.

డిగ్రీ పరీక్షలు మాత్రం పూర్తిగా రాయనివ్వండి, అందులో బేరం లేదు. ఆ తర్వాత ఒక్క ఏడాది వాడికివ్వండి. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న చోట, సొంతంగా గింజలు వేయించే కెఫేలో చేరమనండి. ఏడాది తర్వాత నచ్చకపోతే ఎమ్మెస్సీ ఎంట్రన్స్ మళ్ళీ వస్తుంది. బీఎస్సీ ఎక్కడికీ పోదు. మీరు భయపడుతున్నంత ప్రమాదం ఈ ఏడాదిలో లేదు, నిజంగా లేదు.

ఈలోగా మీరూ మీ బావమరిదీ ఒక పని చేయండి. శని, ఆదివారాలు వద్దు, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మీవాడు పనిచేసే కెఫేకి వెళ్ళి మూల టేబుల్ దగ్గర కూర్చోండి. ఐదింటి దాకా కౌంటర్ మీద నుంచి ఎన్ని కప్పులు కదిలాయో కాగితం మీద గీతలు పెట్టండి. ఆ కాగితం బావమరిది చేతికిచ్చాక, కౌంటర్ దగ్గరికి వెళ్ళి మీవాణ్ణి చక్కెర లేకుండా ఒక ఎస్ప్రెసో చేసివ్వమని అడగండి.