అయస్కాంతం అంటని ఉక్కు

ప్రశ్న: గురువుగారూ, మాది గుణుపురం. రాళ్ల క్రషర్‌లో మెకానిక్‌ని. కొత్తగా వచ్చిన మాంగనీసు ఉక్కు జా ప్లేట్లకి (రాయిని నలిపే దవడ పలకలకి) పాత స్పీకర్లోని అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు. డూప్లికేట్ సరుకు దించానని ఓనరుగారు నా మీద ఎగిరారు. పాత ప్లేటు అంచు విరిగితే గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వెల్డింగ్ చేశాను. నాలుగు రోజులకే అతుకు పక్కన పగిలింది. తప్పు సరుకుదా, నాదా?

జవాబు: ముందు ఓనరుగారికి ఈ పేజీ చూపించు బాబూ. అంటకపోవడం ఆ ఉక్కు గుణమే. స్టెయిన్‌లెస్‌లోనూ కొన్ని రకాలు అంటవనుకో, కానీ మాంగనీసని చెప్పి అంతకంటే ఖరీదైన సరుకు అమ్మే అమాయకుడెవడు?

1882లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టాడు దీన్ని. మాంగనీసు నూటికి 12 పాళ్ల వరకు, కార్బన్ ఒక పాలు పైచిలుకు. కొత్తలో మెత్తన, గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో 200 చిల్లర. రాయి దెబ్బలు తినేకొద్దీ పైపొర 500 దాకా గట్టిపడుతుంది. లోపల మాత్రం మెత్తగానే ఉండి దెబ్బ ఓర్చుకుంటుంది. రాయగడ స్టేషన్లాంటి చోట్ల పట్టాలు ఒకదాన్నొకటి దాటే దగ్గర వేసే పోత ముక్క కూడా చాలావరకు ఇదే. చక్రాల దెబ్బలకి అద్దంలా మెరుస్తుంటుంది.

పగిలిందంటావా, అది నీ పనే. నిన్ననేదేముంది, సునాబెడలో ముప్ఫై ఏళ్లు కొలిమి ముందు నిలబడ్డ నేనే మా బావమరిది క్రషర్ హ్యామర్‌ని ఎర్రగా కాల్చి అతికాను. మొదటి రాయికే వక్కలా రెండు ముక్కలైంది. మామూలు ఉక్కుని కాల్చి నీళ్లలో ముంచితే పెళుసవుతుంది. ఇది తిరకాసు సరుకు. 1000 డిగ్రీలు దాటించి నీళ్లలో ముంచితేనే మెత్తదనంతో పాటు ఓర్పు వస్తుంది. మెల్లగా చల్లారిందో, ఉక్కులోని సన్నని గింజల హద్దుల్లో కార్బన్ కార్బైడ్ అనే పెళుసు పదార్థంగా పేరుకుని, ఉక్కు గాజులా విరుగుతుంది.

ఈసారి ముందుగా కాల్చకు. పగులుని గ్రైండర్‌తో పూర్తిగా తీసెయ్. మాంగనీసు రాడ్డో, అతుకు కోసమైతే స్టెయిన్‌లెస్ రాడ్డో తీసుకుని రెండంగుళాల చొప్పున వేస్తూ చోటు మార్చు. అతుక్కి అర అంగుళం దూరంలో వేడి 260 డిగ్రీలు దాటకూడదు. ప్లేటు కింది భాగం నీళ్లలో ఉంచి పైన వెల్డింగ్ చేసేవాళ్లని చూశాను, నవ్వకు, అది సరైన పద్ధతే.

ఇసుక జారే చ్యూట్‌కి మాత్రం ఈ ఉక్కు వద్దు. అక్కడ దెబ్బ లేదు, రాపిడే. దెబ్బ లేకపోతే ఇది గట్టిపడదు, ఊరికే అరిగిపోతుంది. దానికి క్రోమియం ఎక్కువున్న తెల్ల పోత ఇనుము అడుగు. అందులో పడే ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం కలిసిన మిశ్రమం) మన తెరువలి కొలుముల్లోనే కరుగుతోంది.

కొత్త ప్లేట్లు మొదటి రోజుల్లో అంచుల దగ్గర బయటికి పొర్లుతాయి. ఆ పొర్లిన మేర గ్రైండర్‌తో తీసెయ్, లేకపోతే పక్క ప్లేటుని ఒత్తి బోల్టులు తెంపుతుంది.