తాతయ్య ఇక రాడని ఆరేళ్ళ బాబుకు ఎలా చెప్పాలి?

మీ మామగారు గుండెపోటుతో పోయారని, బాబుకు మాత్రం ఊరెళ్ళాడని చెప్పామని, వాడు రోజూ తాతయ్య ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడని రాశారు. నిజం చెప్తే తట్టుకుంటాడా అన్నది మీ టెన్షన్. చెప్పేయండి, తట్టుకుంటాడు. వీలైతే మీవారే కూర్చోబెట్టుకుని, "తాతయ్య చనిపోయాడు నాన్నా. గుండె పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు. ఎలా చెప్పాలో తెలియక ఊరెళ్ళాడన్నాం" అని నాలుగు ముక్కల్లో చెప్పాలి. నిద్రపోయాడని మాత్రం అనకండి, పడుకోవాలంటేనే భయపడే పిల్లలుంటారు.

నాలుగేళ్ళ క్రితం ఉప్పల్‌లో మా బావ ఇలాగే హఠాత్తుగా పోయాడు. అక్క కూతురు అప్పుడు మీవాడి ఈడుదే. పిట్టకు పెట్టిన రోజు విస్తట్లో చికెన్, గారెలతో పాటు బావ తాగే సిగరెట్ కూడా పెట్టారు. కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకుంటుంటే పాప నా చెయ్యి గుంజి, "పిన్నీ, డాడీకి ఇంకా ఆకలైతదా?" అనడిగింది. కాదురా, చనిపోయినవాళ్ళకు ఆకలి వేయదు, నొప్పి ఉండదు, డాడీకి ఇష్టమైనవి పెట్టి తలుచుకుంటున్నాం అన్నాను. సరే అని పోయి పిల్లల్లో కలిసి ఆడుకుంది. రాత్రి మళ్ళీ అదే అడిగింది. తర్వాత కూడా చాలాసార్లు అడిగింది, అదే జవాబు చెప్పాం. ఈ వయసులో చావంటే మళ్ళీ రాకపోవడమని ఒక్కసారికి ఎక్కదు. మీవాడు కూడా పదే పదే అడుగుతాడు, విసుక్కోకండి.

ఐదు నిమిషాలు ఏడ్చి కార్టూన్లు చూస్తే "వీడికేం బాధ లేదు" అనే చుట్టాలు ఎక్కడైనా ఉంటారు. పిల్లల దుఃఖం అలా వచ్చి పోతూ ఉంటుంది. పక్క తడపడం, కడుపునొప్పి అనడం, అమ్మను వదలకపోవడం కూడా అందులో భాగమే. ఇంకొకటి, వాడు అడగకపోయినా మీరే చెప్పాల్సింది: "నువ్వు అల్లరి చేసినందుకు కాదు". మా అక్క పాప, తను డాడీ మీద అలిగినందుకే ఇలా అయిందని చాలా రోజులు మనసులో పెట్టుకుంది. అక్క తల దువ్వుతుంటే ఓ రోజు బయటపడింది.

వాడి ముందు మీరు ఏడ్చినా ఫర్వాలేదు, తాతయ్య గుర్తొచ్చాడని చెప్పండి చాలు. ఫొటోలు దాచేయకండి. స్కూల్లో క్లాస్ టీచర్‌కు ముందే ఓ మాట చెప్పి ఉంచండి. మీ అత్తగారిని ఓదార్చే పని మాత్రం, "నానమ్మకు ఇక నువ్వే దిక్కు" అంటూ, వాడి నెత్తిన పెట్టనివ్వకండి.

నెలలు గడిచినా తిండి, నిద్ర దారికి రాకపోయినా, స్కూలుకు పోనని మొండికేస్తున్నా డాక్టర్‌కు చూపించండి. తాతయ్య దగ్గరికి పోతానని అదే పనిగా అంటుంటే మాత్రం నెలలు ఆగొద్దు, వెంటనే వెళ్ళండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది, ఆ పేరు వినగానే జనం చేసే వెక్కిరింతల్ని పట్టించుకోకండి. అంతకుముందు ఇంట్లోంచే మాట్లాడాలంటే 14416, టెలి మానస్. మానసిక సమస్యల కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా అక్క పాప కోసమని ఫోన్ చేసి, సగం సేపు తన గురించే మాట్లాడింది.